నూటపన్నెండు మెట్లు

"రెండు ఫారాలు తెచ్చాను. ఒకటి పాడైతే ఇంకోటి ఉంటుంది," అని లాయక్ రామ్ కాగితాలు తెచ్చి పిండి డబ్బా మూత మీద పెట్టాడు. హీరామణి చేతులు మోచేతుల దాకా పిండిలో ఉన్నాయి. ఆవిరి మీద ఉడికించే సిడ్డూల పిండి పులిసి పొంగింది. లోపల కూరడానికి అక్రోట్లు ఇంకా దంచాలి. ఆవిరి గిన్నెలో నీళ్ళు మరుగుతున్నాయి. చేతులు కడుక్కుందామంటే నీళ్ళు ఎల్లుండిదాకా రావు, ఉన్న బిందెడూ వంటకి. అందుకని మోచేత్తో కాగితాల్ని మరక పడని చోటికి జరిపింది. పదిహేడేళ్ళ కాపురంలో ఆమె అతని కాగితం ఒక్కటి కూడా పాడుచేయలేదు. అయినా అతను ప్రతిసారీ రెండు తెస్తాడు.

సాయంత్రంలోగా నింపి ఉంచమని చెప్పి, టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఆ ఏడాది సిమ్లాలో కొత్త నియమం వచ్చింది. టూరిస్టుల్ని వెంటేసుకుని మాల్ రోడ్డు మీద తిరిగే గైడ్లందరికీ పరీక్ష పెట్టి బ్యాడ్జీలు ఇస్తారట. బ్యాడ్జీ లేనివాళ్ళు జూన్ నుంచి ఊరి నడిబొడ్డు మైదానం రిడ్జ్ మీద నిలబడి నోరు విప్పకూడదు. రాసే పరీక్ష కాదు. ముందు నడిచి పావుగంట సేపు ఊరిని చూపించాలి, పరీక్షించేవాళ్ళు వెనక నడుస్తూ వింటారు. లాయక్ రామ్‌కి ఇందులో బెంగేమీ లేదు. ఎనిమిదో తరగతితో బడి మానేసినా దేవుడతనికి గొంతు ఇచ్చాడు. చర్చి ముందు నిలబడి "నూటపాతికేళ్ళ కిందట, సరిగ్గా ఇదే మంచులో..." అని మొదలుపెట్టాడంటే ఫోటోలు దిగుతున్నవాళ్ళు కూడా ఫోన్లు దించి ఇటు తిరుగుతారు. అతను తాగడు. చెయ్యెత్తడు. పండక్కి చీర తెస్తాడు. అలాంటి భర్త మీద చెప్పుకోవడానికి ఆడదానికి మాటలు దొరకవు, దొరికినా వినేవాళ్ళు దొరకరు.

కానీ ఆ గొంతులోంచి వచ్చే మాటలు ఎక్కడివి? ఆ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ వెయ్యలేదు, కాబట్టి హీరామణీ జవాబు చెప్పలేదు. పెళ్ళైన మొదటి చలికాలంలో, పని లేక ఇంట్లో కూర్చున్న భర్త, జనం పాత సంగతులు అడుగుతున్నారనీ, తనకు నాలుగు కథలు తప్ప ఏమీ రావనీ దిగులుపడితే, సంజౌలీ కాలేజీలో చరిత్ర తీసుకుని బి.ఏ. చదివిన పిల్ల కదా, తాను వెతికిపెడతానని ఉత్సాహపడింది. అప్పటి నుంచి ప్రతి జనవరి, ఫిబ్రవరి నెలల్లో మధ్యాహ్నం గిన్నెలు తోమాక రిడ్జ్ మీది లైబ్రరీకి వెళ్ళేది. కుంపటి దగ్గర చోటు ముసలాయనలదే కాబట్టి కిటికీ పక్క చలిలో కూర్చుని పాత ఇంగ్లీషు పుస్తకాలు చదివి, హిందీలో రాసుకునేది. పాత సమాధుల తోటలో చెంచాతో నాచు గీకి పేర్లు రాసుకుంది. దొరసానులకి గౌన్లు కుట్టినవాడి మనవణ్ణి, దొరల రిక్షాలు లాగినవాడి కొడుకుని వెతికి పట్టుకుని మాట్లాడించింది. అదంతా నీలం అట్ట నోటుబుక్కులో ఉంది. ఆమె రొట్టెలు కాలుస్తుంటే అతను పొయ్యి పక్కన పీట మీద కూర్చుని వల్లె వేసేవాడు, తప్పు పోయినచోట ఆమె అట్లకాడ ఆపి సరిదిద్దేది. మూడు రోజులయ్యేసరికి ఆ మాటలు అతని సొంతమైపోయేవి. "పదిహేడేళ్ళుగా ఈ ఊరి పాత కాగితాలన్నీ తిరగేశానండీ," అని అతను అతిథులకు చెబుతుండగా ఆమె చాలాసార్లు విన్నది. అబద్ధమాడుతున్నట్టు అతని మొహంలో ఏ కోశానా ఉండేది కాదు. అది నిజమేనని అతను నమ్మాడు.

అత్తగారైతే మొదట్లోనే తేల్చి చెప్పింది. "మీ నాన్న నిన్ను చదివించింది పోయినవాళ్ళ పేర్లు ఎత్తి రాయడానికా బహూ? బతికున్నవాళ్ళకి చాయ్ పొయ్యి." అమ్మాజీ మాటల్లో విషం కన్నా అలవాటు ఎక్కువ. అమ్మాజీతో ఆవిడ అత్తగారు ఇంతకన్నా ఘోరంగా మాట్లాడి ఉంటుంది.

హీరామణిని గుచ్చింది అమ్మాజీ మాటలు కావు. మాల్ మీద స్కాండల్ పాయింట్ అనే చోట చెప్పే కథ ఒకటుంది. ఎవరో రాజావారు వైస్రాయ్ కూతుర్ని అక్కడి నుంచే గుర్రం మీద ఎత్తుకుపోయాడని గైడ్లందరూ చెబుతారు. లెక్క చూస్తే ఆ వైస్రాయ్ వచ్చిన ఏటికీ ఆ రాజు వయసుకీ ఎక్కడా పొత్తు కుదరదు. ఒకసారి ఆ సంగతి చెబితే లాయక్ రామ్ నవ్వాడు. "జనం సంవత్సరం అడగరు హీరా, పిల్ల బాగుండేదా అని అడుగుతారు." అది మాత్రం నిజం. కానీ ఆ కథ విన్నప్పుడల్లా ఆమెకు ఇంకో సంగతి తట్టేది. రాజు ఏమన్నాడో చెబుతారు, తండ్రి ఎంత మండిపడ్డాడో చెబుతారు, గుర్రం రంగు కూడా చెబుతారు. ఆ పిల్ల ఏమందో ఒక్కరూ చెప్పరు. కథలో పిల్ల నోరు విప్పదు. గుర్రం మీద మూటలాగా కూర్చుంటుంది, అంతే.

ఆమెకు అప్పగించిన పని సిడ్డూలు. నడక చివర్లో అతిథులకు అసలైన కొండ తిండి పెడతానని లాయక్ రామ్ ప్రతి బృందానికీ చెబుతాడు. లోయర్ బజారు కింద వాలులో ఉన్న ఇంటి నుంచి వేడి వేడి గిన్నె గుడ్డలో చుట్టి ఆమె మెట్లదారిన తీసుకురావాలి. మాల్ మీదుగా మాత్రం రాకూడదు. గిన్నె నెత్తిన పెట్టుకుని మాల్ మీద నడిస్తే చూసేవాళ్ళకి బాగుండదని అతను పెళ్ళైన ఏడాదే నచ్చజెప్పాడు. వెనక దారిన వచ్చి, మెట్ల పైన నిలబడి, అతను సైగ చేశాక ముందుకు రావాలి. పోయిన అక్టోబరులో నాగపూర్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ సిడ్డూ తిని, నెయ్యి వేళ్ళు తుడుచుకుంటూ, ఈవిడ మీ ఇంటావిడా అని అడిగింది. లాయక్ రామ్ ఒక్క క్షణం తటపటాయించాడు. హీరామణి చున్నీ మీద పిండి మరకలున్నాయి, కాళ్ళకు ప్లాస్టిక్ చెప్పులున్నాయి. "మా దగ్గర సిడ్డూలు చేసే ఆవిడండీ," అన్నాడు. ఆ పెద్దావిడ పర్సు తీసి ఇరవై రూపాయల నోటు ఆమె చేతిలో పెట్టింది. హీరామణి దండం పెట్టి తీసుకుంది. ఇంటికొచ్చాక అతను తనకు తానే చెప్పాడు, పనివాళ్ళున్నారంటే బేరం పెద్దదనుకుంటారనీ, ఇందులో తప్పు పట్టడానికేముందనీ. ఏమీ లేదంది ఆమె. ఆ రోజు నుంచి ఆమె లోపల ఏదో కదలడం మానేసి ఒకచోట కుదురుగా కూర్చుంది. కోపం కాదది. కోపమైతే తెల్లారేసరికి పోయేది.

ఫారాలు వచ్చిన ఆ సాయంత్రం సిడ్డూలు దింపాక చేతులు పొడిగుడ్డతో తుడుచుకుని ఫారం నింపడానికి కూర్చుంది. పేరు లాయక్ రామ్. చదువు ఎనిమిదో తరగతి. అనుభవం ఇరవై రెండేళ్ళు. అతను సంతకం పెట్టాల్సినచోట పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టింది. మొదటి ఫారం కొట్టివేతల్లేకుండా పూర్తయింది. రెండోది పక్కన ఖాళీగా ఉంది. ఎప్పుడూ అలాంటి కాగితం వెనక వైపు చాకలి పద్దు రాసేది. ఈసారి రెండో ఫారం దగ్గరకు లాక్కుంది. పేరు హీరామణి. చదువు బి.ఏ. చరిత్ర. వృత్తి అన్నచోట కలం ఆగింది. రేషన్ కార్డు మీద ఉన్న గృహిణి అన్న మాట చేతికి దానంతటదే వచ్చేస్తోంది. దాన్ని అక్కడే ఆపి, ఆ గడి వదిలేసి కిందికి దిగింది. ఈ పనిలో అనుభవం ఎన్నేళ్ళు? కిటికీ బయట కొండ మీద దీపాలు ఒక్కొక్కటీ వెలుగుతున్నాయి. ఆ దీపాల్లో ఏది ఏ బంగళాయో, ఏది ఎవరు కట్టించారో, ఎవరి బిడ్డ అక్కడ జ్వరంతో పోయిందో, ఏ వంటవాడు ముప్ఫై ఏళ్ళు అందులో వండి పేరు కూడా మిగలకుండా పోయాడో ఆమెకు తెలుసు. పదిహేడు అని రాసింది. మళ్ళీ పైకి వెళ్ళి, వృత్తి అన్నచోట గైడు అని రాసింది. మర్నాడు అతని ఫారం అతనికిచ్చి, తనది తానే ఆఫీసులో ఇచ్చి వచ్చింది.

పరీక్ష గురువారం అని ఇద్దరి ఫోన్లకూ వేరువేరుగా కబురొచ్చింది. గురువారం నీళ్ళ రోజు. సిమ్లా ఆడవాళ్ళు క్యాలెండరు చూసేది పండగల కోసం కాదు, నీళ్ళ కోసం. మూడు రోజులకోసారి కీమాన్ వచ్చి పేట వాల్వు తిప్పుతాడు. పదింటికి తిప్పుతాడో పన్నెండింటికి తిప్పుతాడో వాడికే తెలీదు, తిప్పాక ముప్పావుగంట. ఆ ముప్పావుగంటలో ఇంటి కప్పు మీది టాంకీ, డ్రమ్ములు, బాల్టీలు, ఆఖరికి ప్రెషర్ కుక్కర్లు కూడా నిండాలి. ఆ రోజు పెళ్ళిళ్ళకి పోరు, ఆస్పత్రికి పోరు, పుట్టింట్లో చావు కబురు వచ్చినా టాంకీ నింపాకే ఏడుస్తారు. రిడ్జ్ మీద ఐస్‌క్రీములు తింటూ తిరిగే టూరిస్టులకు తమ కాళ్ళ కిందే ఊరి నీళ్ళ టాంకు ఉందని లాయక్ రామ్ గొప్పగా చెబుతాడు. అది కూడా నోటుబుక్కులోదే. ఆ నీళ్ళు బాల్టీల్లోకి ఎవరు పడతారో నోటుబుక్కులో లేదు.

గురువారం పొద్దున అతను కోటు వేసుకుని, అమ్మ కాళ్ళకి దండం పెట్టి వెళ్ళాడు. గుమ్మంలో ఆగి, నీళ్ళ రోజని మరిచిపోవద్దని హీరామణికి గుర్తుచేశాడు. ఆమె తలూపింది. గంట ఆగి, గోధుమరంగు శాలువా తీసి కప్పుకుంది. సోలన్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటున్న కూతురు వదిలేసి వెళ్ళిన బూట్లు వేసుకుంది, అవి సరిగ్గా సరిపోయాయి. ఎండలో మోకాళ్ళు చాపుకుని కూర్చున్న అమ్మాజీ కళ్ళు చిట్లించింది.

"నీళ్ళ రోజు ఎక్కడికి బహూ?"

"మాల్‌కి వెళ్తున్నా అమ్మాజీ."

"మరి నీళ్ళు?"

"కీమాన్ వదులుతాడు."

"వదిలితే ఎవరు పడతారు? మూడు రోజులు దేంతో కడుక్కుంటాం?"

"నాకూ తెలీదు అమ్మాజీ," అంది హీరామణి.

విసురుగా అనలేదు. నిజంగానే ఆమెకు తెలీదు. పదిహేడేళ్ళుగా ఆ ఇంట్లో దేనికైనా జవాబు తెలిసి ఉండాల్సింది ఆమెకే. ఉప్పెక్కడ, కరెంటు బిల్లెక్కడ, ఆయన మేజోళ్ళెక్కడ. తెలీదు అన్న మాట నోట్లో కొత్తగా ఉంది, చలికాలంలో మొదటిసారి ఎండ తగిలినట్టుంది. అమ్మాజీ ఇంకేదో అంటూనే ఉంది. ఈమె మెట్లెక్కుతూనే ఉంది. చేతుల్లో గిన్నె లేదు. ఆ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలీక శాలువాలో దాచుకుంది.

రిడ్జ్ మీద చర్చి ఎదుట బెంచీల మీద గైడ్లందరూ కూర్చుని ఉన్నారు. లాయక్ రామ్ నడక అప్పటికే అయిపోయింది. మధ్యలో కూర్చుని, తోటివాళ్ళకి ఎలా జరిగిందో చెబుతున్నాడు. ఆమెను చూడగానే లేచి ఎదురొచ్చాడు. మొహంలో కోపం లేదు, జేబులు తడుముకుంటున్నాడు.

"ఏం మరిచిపోయాను?" అన్నాడు.

ఆమెకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వొచ్చింది. ఆమె కొండెక్కి వచ్చిందంటే అతనేదో మరిచిపోయి ఉండాలి. కళ్ళజోడో, గొడుగో, ఆధార్ కార్డో. ఇంకో కారణం ఉండొచ్చని ఆ బుర్రకు తట్టను కూడా లేదు.

"మీరేం మరిచిపోలేదు. నాకు పరీక్ష ఉంది."

అతను చుట్టూ చూశాడు. బెంచీ మీద ఎవరో కిసుక్కుమన్నారు. "లాయక్ భాయీ, భాభీ కూడా గైడా? ఇకనుంచి సిడ్డూలు నువ్వు చేస్తావా ఏంటి?" అని ఇంకొకడన్నాడు. లాయక్ రామ్ వాళ్ళతో కలిసి నవ్వాలా వద్దా అని తేల్చుకోలేక గొంతు తగ్గించాడు. నీళ్ళ సంగతేమిటన్నాడు. అమ్మ ఒక్కతే ఉందన్నాడు. నలుగురిలో తన పరువు గురించి ఆలోచించావా అన్నాడు. ఆమె వెళ్ళి ఖాళీగా ఉన్న బెంచీ చివర కూర్చుంది. హిందీ అక్షరాల వరసలో 'హ' అన్నిటికన్నా ఆఖరు కాబట్టి ఆమె పేరు పిలిచేసరికి ఒంటిగంటైంది.

పరీక్ష పెట్టేది ముగ్గురు. ఇద్దరు ఆఫీసు మగవాళ్ళు, వాళ్ళ మధ్య చేతికర్ర పట్టుకున్న నేగీ మేడమ్. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి, కిన్నౌర్ ఆకుపచ్చ టోపీ పెట్టుకుని ఉంది. పొద్దుటి నుంచి ఎత్తులెక్కి దిగి అలసిపోయింది. హీరామణి నోరు తెరవబోతుంటే చెయ్యెత్తి ఆపింది.

"చూడమ్మా, ఇప్పటికి ఆరుగురు ఒకే కథ చెప్పారు. ఒక్క మాట కూడా మార్చలేదు, టౌన్ హాలు దగ్గర ఆరుగురూ ఒకేచోట ఊపిరి పీల్చారు. మొదటివాడు కాగితం దాచుకుని చూస్తుంటే లాక్కున్నాను." అట్ట మీద క్లిప్పు పెట్టిన జిరాక్సు ఎత్తి చూపింది. "లోయర్ బజారు మెట్లు నూటపన్నెండు అని ఇందులో ఉంది. ఆరుగురూ నూటపన్నెండే అన్నారు. అనుమానమొచ్చి మనిషిని పంపి లెక్కపెట్టించాను. నూటపందొమ్మిది. నీ దగ్గరా ఇదే జిరాక్సు ఉంటే ఇప్పుడే చెప్పెయ్, నా మోకాళ్ళకి పని తగ్గుతుంది."

హీరామణి ఆ కాగితం చూసింది. తన చేతిరాత. వంటింట్లో పేజీకి అంటిన పసుపు మరక జిరాక్సులో బూడిదరంగు మచ్చై పడింది. అంటే నోటుబుక్కు ఇంట్లోంచి బయటికెళ్ళింది, దుకాణంలో పేజీ పేజీ తిరిగింది, అతని స్నేహితులందరి చేతికీ చేరింది. ఇచ్చేటప్పుడు అతను ఏమని ఇచ్చి ఉంటాడో కూడా ఆమెకు తెలుసు, నా పదిహేడేళ్ళ కష్టం తమ్ముడూ అని. విచిత్రమేమిటంటే ముందుగా సిగ్గేసింది ఆ జిరాక్సుకి కాదు, లెక్క తప్పినందుకు. నేనెలా తప్పాను అనుకుంది. ఆ వెంటనే గుర్తొచ్చింది.

"అది నా చేతిరాత మేడమ్. లెక్క కూడా నాదే," అంది.

బెంచీల మీది గైడ్లు ఇటు తిరిగారు. లాయక్ రామ్ నాలుగడుగులు ముందుకొచ్చాడు, ఆ మంచి గొంతుతోనే, నవ్వుతూనే. "ఫెయిర్ కాపీ చేసింది మేడమ్. నేను చెబుతుంటే రాసిపెట్టింది. మా ఇంటావిడే."

ఇంటావిడ. ఆ మాట అతని నోట మాల్ మీద వినడం ఆమెకదే మొదలు. ఎన్నేళ్ళుగానో వినాలనుకున్న మాట. దాన్ని తెచ్చి, ఇదిగో, ఇందుకు వాడాడు. ఆమె అతని వైపు చూడకుండా నేగీ మేడమ్‌కి చెప్పింది.

"అప్పుడు మా అమ్మాయి కడుపులో ఉంది, ఏడో నెల. తిండి గిన్నె మోసుకుని కింద నుంచి వచ్చేదాన్ని. ఏడు మెట్లెక్కేసరికి ఆయాసం వచ్చేది. అక్కడ గోడకి అరుగులాంటిది ఉంది, గిన్నె దానిమీద పెట్టి ఆగేదాన్ని. మళ్ళీ ఎత్తుకున్నాక, ఇంకెన్ని, ఇంకెన్ని అని లెక్కపెట్టుకుంటూ ఎక్కేదాన్ని. అలా వచ్చిన లెక్క నూటపన్నెండు. కింది ఏడూ కలపడం మరిచిపోయాను."

నేగీ మేడమ్ జిరాక్సులోని అంకెను మళ్ళీ చూసింది. తర్వాత లాయక్ రామ్‌ని చూసింది. అతను తన బూట్లు చూసుకుంటున్నాడు.

"నమ్ముతున్నాను," అంది మేడమ్. "కానీ నేను నమ్మితే సరిపోదమ్మా. ఆరుసార్లు విన్నది ఏడోసారి విని మార్కులెయ్యలేను, రాసింది నువ్వే అయినా సరే. ఈ కాగితాల్లో లేనిదేమైనా ఉందా నీ దగ్గర? లేదంటే ఇంటికెళ్ళు."

లాయక్ రామ్ ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. "పద హీరా," అన్నాడు మెత్తగా. "ఈ నోటుబుక్కు కాకపోతే ఇంకోటి రాద్దువుగాని. తొందరేముంది."

ఇంకోటి రాద్దువుగాని. ఆమె ముందు ఊరంతా పరుచుకుని ఉంది. చర్చి, లైబ్రరీ, గెయిటీ థియేటరు, టౌన్ హాలు, అన్నీ తాను రాసిచ్చినవే, అన్నిటి మీదా ఇప్పుడు అతని గొంతే వినిపిస్తోంది. వాటి మధ్య నిలబడి ఏం చెప్పినా ఏడో జిరాక్సే అవుతుంది. ఆమె చర్చికి వీపు తిప్పింది.

"నా వెనక రండి. కిందికి దిగాలి, కర్ర ఆనించి అడుగెయ్యండి," అంది.

మాల్ వదిలేసి పక్క సందులో దిగింది. మేడమ్, ఆఫీసువాళ్ళు, కొంచెం దూరంలో లాయక్ రామ్, అతని వెనక ఇద్దరు ముగ్గురు గైడ్లు. సందు చివర, రోడ్డు కిందుగా, నాచు పట్టిన పెద్ద రాతిగోడ నిలబడి ఉంది. ఇలాంటి గోడని ఇక్కడివాళ్ళు డంగా అంటారు. డంగాలు లేకపోతే మాల్ లేదు, కొండ ఎప్పుడో జారి లోయలో పడి ఉండేది. ఫోటో తీసుకోవడానికి దాని దగ్గరికి ఎవరూ రారు. పెళ్ళైన కొత్తలో ఒకసారి దీని గురించి భర్తకు చెప్పబోయింది. గోడని చూడ్డానికి ఎవడొస్తాడే అని అతను పక్కకి తిరిగి పడుకున్నాడు. ఆమె మళ్ళీ ఎత్తలేదు.

గోడ మీద అరచెయ్యి ఆనించింది. మొదలుపెట్టింది. పెద్ద గొంతేమీ కాదు, మేడమ్ ఒకడుగు ముందుకు రావలసి వచ్చింది.

"కింది వరసలు చూడండి, పెద్ద రాళ్ళు. ఇవి మగవాళ్ళు దుంగకి కట్టి ఇద్దరిద్దరు మోసుకొచ్చినవి. ఇదిగో, నా భుజం దగ్గర్నించి పైకి చూడండి, అన్నీ చిన్నవి. ఒక్క వీపు మీద పట్టేంత రాయి. ఇవి ఆడవాళ్ళు తెచ్చినవి. మా అమ్మమ్మ వాళ్ళమ్మ ఇక్కడ రాయి మోసింది. వీపున రాయి ఉండేది కాబట్టి బిడ్డని ముందు కట్టుకునేదట. గోడ సగమయ్యాక మగవాళ్ళని పైన బంగళాల పనికి తీసుకుపోయారు, మిగతాదంతా ఆడవాళ్ళ మీద వదిలేశారు. పైన కట్టినవాటికి కట్టించినవాళ్ళ పేర్లున్నాయి. దీనికి లేదు. కానీ రాయి సైజు చూస్తే చాలు, ఏ వరస ఎవరు మోశారో ఇప్పటికీ చదవొచ్చు."

నేగీ మేడమ్ కర్ర సంకలో ఇరికించుకుని, ఆమె చూపిన వరస మీద తన చెయ్యి పెట్టి, ఒక్కో రాయినీ తడుముతూ పక్కకి నడిచింది. ఆఫీసు మనిషి ఒకాయన కాగితం తీశాడు. గైడ్లలో ఒకడు అప్పటికే ఫోన్ పైకెత్తి రికార్డు చేస్తున్నాడు. లాయక్ రామ్ పెదవులు కదులుతున్నాయి. వల్లె వేసుకునేటప్పుడు పొయ్యి పక్కన ఎలా కదిలేవో అలాగే.

"ఇది ఎక్కడ రాసి ఉందమ్మా?" అని అడిగింది మేడమ్.

"ఎక్కడా లేదు మేడమ్," అంది హీరామణి. "ఇది నేనెవరికీ రాసివ్వలేదు, ఇవ్వను కూడా. వినాలంటే నా వెంట నడవాలి."